చూరు కింది నేల

జగన్నాధం నాకు బావ. సొంత మేనత్త గున్నమ్మ కొడుకు. అతని ఇల్లూ నా ఇల్లూ పక్కపక్కనే. అంత దగ్గరి మనిషి, ఇరవై రెండేళ్లుగా నా చూరు కింది నేల మీద కన్నేసి బతుకుతున్నాడు. ఊళ్లో ఇంకెవరైనా అలా చూస్తే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ని. బావ కాబట్టి ఊరుకోలేను.

మా రెండిళ్ల మధ్య ఒక సందు ఉంది. అందులో రెండున్నర అడుగులు జగన్నాధానిది. దాని మీద గొడవ లేదు. మిగిలిన రెండడుగులు నాది. నాదని ఎలాగంటే, మా ఇంటి చూరు అక్కడిదాకా వచ్చింది. వానొస్తే నా పెంకుల మీది నీళ్లు అక్కడే పడతాయి. మా ఊళ్లో టేపులూ సర్వేయర్లూ రాకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఎవరి చూరు నీళ్లు ఎంతవరకు పడితే అంతవరకు వాళ్ల నేల. కాగితాల్లో ఉండదు. చూరు కింద మట్టిలో, చుక్కలు పడిపడి వరసగా ఏర్పడిన గుంటల్లో ఉంటుంది. మా నాన్న పోయేముందు నాకు ఆస్తి చూపించినప్పుడు పొలాన్ని గట్టు మీద నిలబడి చేత్తో చూపించాడు. ఆ గుంటల వరసని మాత్రం వంగి, వేలితో ముట్టుకుని చూపించాడు.

జగన్నాధానికి ఆ రెండడుగులు ఆటో కోసం కావాలి. శ్రీకాకుళం, అరసవల్లి, శ్రీకూర్మం తిప్పుతాడు. రాత్రయితే ఆ ఆటో వీధిలో ఉంటుంది. తెల్లారేసరికి కోతులు సీటు చింపి పీచు తీసి పోతాయి. ఇంటి వెనక కావలసినంత జాగా ఉంది గానీ, రెండున్నర అడుగుల సందులోంచి ఆటో ఎలా పోతుంది? నాలుగున్నర అడుగులైతే, అద్దాలు మడిస్తే, పడుతుంది.

నాలుగేళ్ల కిందట అతను పెంకుటిల్లు విప్పించి స్లాబు వేసుకున్నాడు. విప్పిన బెంగుళూరు పెంకులు పదమూడు వందలు. ఆ పెంకులన్నీ తెచ్చి సరిగ్గా నా చూరు కింద, నా గోడకి ఆనించి పేర్చాడు. "రెండ్రోజులు ఉండనీ బావా, బేరం వచ్చినాది, అమ్మేస్తాను" అన్నాడు. మూడోరోజు బేరగాడు నిజంగానే ట్రాక్టరు తెచ్చాడు. అప్పుడు నా బుర్రలో వెలిగింది. పేర్చినప్పుడు నేను ఊరుకుని, ఎత్తినప్పుడు కూడా ఊరుకుంటే, రేపు ఆ జాగాలో తన సామాను ఉండేదని పదిమందిలో చెప్పుకుంటాడు. వెళ్లి ట్రాక్టరుకి అడ్డంగా కూర్చున్నాను. ఊరి పెద్ద గణపతిరావు వచ్చాడు. ఇద్దరి మాటా విన్నాడు. "హద్దు తేలినవరకు ఆ పెంకుల్ని ఇద్దరూ ముట్టుకోడానికి నేదు" అని తీర్పు చెప్పాడు. ట్రాక్టరు ఖాళీగా వెళ్లిపోయింది.

ఆ రోజు నేను గెలిచాను. నాలుగేళ్లు రోజూ పొద్దున్న అక్కడే నిలబడి, నాచు పట్టిన ఆ పెంకుల్ని చూస్తూ పళ్లు తోముకున్నాను.

ఇక నా ఇంటి సంగతి. మాది మట్టిగోడల ఇల్లు, పైన నాటు పెంకు. ఆ పెంకుని కోతులు సగం పాడుచేశాయి, పోయిన కార్తీకంలో వచ్చిన గాలి మిగతా సగం పాడుచేసింది. నడిమింటి మీద నీలం పట్టా కప్పి, నాలుగు రాళ్లు పెట్టి కాలం వెళ్లదీస్తున్నాం. ఎండ దిగితే లోపలంతా నీలంగా ఉండేది. మా ఆవిడ మరిడమ్మ చేసిన పప్పు కూడా నీలంగా కనిపించేది.

శ్రీకూర్మం డోలోత్సవం అయిన వారానికి విజయనగరం నుంచి ఫోనొచ్చింది. మాకు ఒక్కతే కూతురు, కుమారి. అల్లుడు గోపి కోట దగ్గర బట్టల కొట్టులో పని చేస్తాడు. కుమారికి ఏడో నెల. తొలి కాన్పు. ఏడో నెలలో పుట్టింటికి తీసుకురావాలి. ఆ నెల ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది.

మరిడమ్మ ఫోను పెట్టేసి పైకి చూసింది. పట్టా గాలికి టపటపా కొట్టుకుంటోంది.

"పిల్లని దీని కిందకి తెస్తావేటి?" అంది.

"తొమ్మిదో నెల్లో తెద్దాం. ఈలోగా ఏదోకటి..."

"తొమ్మిదంటే నడి వైశాఖం. ఆ ఎండల్లో డాక్టరమ్మ కదలనిస్తాదా? ఎనిమిదో నెల్లో మనం కదపకూడదు. ఇప్పుడు తెస్తే తెచ్చినట్టు, నేకపోతే నేదు. ఆళ్లు మంచోళ్లే, ఆళ్లింట్లోనే కంటాది. నాను మట్టుకు సుట్టంలాగ సంచీ అట్టుకుని ఎల్లి, కాఫీ తాగి వచ్చీయాలి. నీకు బాగుంటాదేటి?"

బాగుండదు. ఇరవై మూడేళ్ల కిందట ఆ పిల్ల ఈ ఇంట్లోనే పుట్టింది. "ఈలోగానే కొత్త కప్పు ఏయిస్తాను" అన్నాను.

*

ఇంటికి పైకప్పు వేస్తున్నానని తెలియగానే అందరికంటే ముందు జగన్నాధం వచ్చాడు. చేతిలో అరటిపళ్లు కూడా ఉన్నాయి.

"స్లాబు ఏయించీ బావా. రాజాలాగ ఉంటావు."

"నీలాగా?"

"నాలాగే. నాకేటి తక్కువయినాది?"

అతనికేమీ తక్కువ కాలేదు. ఎక్కువయింది, వేడి. ఫాల్గుణం నుంచే ఆ ఇంట్లో మంచాలన్నీ వీధిలోకి వచ్చేస్తాయి. అయినా అతనెందుకు స్లాబు అంటున్నాడో నాకు తెలుసు. స్లాబుకి చూరుండదు. చూరు లేకపోతే చుక్కల వరస ఉండదు. వరస పోతే నేల పోయినట్టే.

మేస్త్రీని కూడా తనే తీసుకొచ్చాడు, ఆటోలో ఎక్కించుకుని, ఉత్తి పుణ్యానికి. మేస్త్రీ మా గోడ దగ్గరకెళ్లి బొటనవేలితో నొక్కాడు. గుప్పెడు మట్టి రాలింది.

"ఈ గోడల మీద స్లాబేస్తే, పడుకున్నోళ్ల మీద పడుకుంటాది" అన్నాడు. "స్తంభాలు లెగాలి. సెంట్రింగు ఇరవై రోజులు తియ్యకూడదు. అన్నీ కలిపి మూడు నెలలు."

మాకున్నవి పంతొమ్మిది రోజులు. జగన్నాధం మొహం చూశాను. చాలా రోజుల తర్వాత నాకు ఆకలి బాగా వేసింది. ఆ అరటిపళ్లు నాలుగూ నేనే తిన్నాను.

స్లాబు పోయింది. మిగిలినవి సిమెంటు రేకులు, రంగు రేకులు, మళ్లీ పెంకు. ఎవర్ని అడిగితే వాళ్లు, వాళ్లింటి మీద ఉన్నదే మంచిదన్నారు. నేనెవరి మాటా నమ్మను. నాకో పద్ధతి తోచింది. నాకు బట్టతల. మధ్యాహ్నం రెండు గంటలకి ఒక్కొక్క కప్పు కింద వెళ్లి కూర్చుంటాను. నెత్తి మీద పుట్టిన చెమట గెడ్డం దాకా దిగడానికి ఎంతసేపు పడితే అంత మంచి కప్పు.

మొదట గణపతిరావు ఇల్లు, సిమెంటు రేకులు. ఆయన వీధరుగు మీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"లోపల కూకుంటావా? ఈ ఏళప్పుడా?" అన్నాడు.

"సూద్దామని."

"సూడు. నాను మాత్రం రాను."

లోపల ఫ్యాను తిరుగుతోంది. ఆ గాలికంటే ఫ్యాను ఆపితేనే నయమనిపించింది. అరవై లెక్కపెట్టేలోపే చెమట గెడ్డం దాటి చొక్కాలోకి దిగింది. గణపతిరావు భార్య కిటికీలోంచి మజ్జిగ గ్లాసు అందించింది. తను కూడా లోపలికి రాలేదు.

రెండోరోజు జగ్గమ్మ టిఫిను కొట్టు. రంగు రేకులు, నీలంగా తళతళలాడుతూ చూడ్డానికి చాలా బాగుంటాయి. వేడి కూడా సిమెంటు రేకులకంటే కాస్త నయమే. బాగుందే అనుకుంటూ ఉండగా నెత్తి మీద పిడుగు పడినట్టయింది. బెంచీ మీంచి లేచి నిలబడ్డాను. తర్వాత ఇంకో పిడుగు. తర్వాత పది.

"కూకో మావా, కోతులు" అంది జగ్గమ్మ, పునుగులు తీస్తూ.

"రోజూ ఇంతేనా?"

"రోజూ. మొదట్లో గుండెలు అదిరిపోయీవి. ఇప్పుడు ఆటి సప్పుడు ఇనబడకపోతేనే ఏటైపోనాయో అని బెంగ."

"మరి గాలొస్తే?"

"పోయినేడు ఒక రేకు ఎగిరి మూడు పొలాలవతల పడినాది. ఆ పొలం రైతు తెచ్చి ఇచ్చినాడు. మంచోడు. ఇడ్లీ పెట్టి పంపినాను."

పసిపిల్ల నిద్రపోతున్నప్పుడు కోతుల గుంపు ఆ రేకు మీద దూకడం ఊహించుకున్నాను. వద్దనుకున్నాను. పునుగులు మాత్రం రెండు ప్లేట్లు తిన్నాను.

మూడోరోజు జగన్నాధం తనే పిలిచాడు. "అందరిళ్లలో కూకున్నావు, నా ఇల్లేటి పాపం సేసినాది? స్లాబు కింద కూడా కూకో, అప్పుడు సెప్పు." వెళ్లి కూర్చున్నాను. అతను నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని నా నెత్తినే చూస్తున్నాడు.

"సల్లగా నేదేటి?" అన్నాడు. అతని ముక్కు చివర్నుంచి చెమట బొట్టు రాలింది.

ఇంతలో వెనక నుంచి మా అత్త గున్నమ్మ గొంతు వినిపించింది.

"ఒరే దాలీ! ఆడి కొలిమిలో ఏటి కూకున్నావురా, ఇటురా!"

నా పేరు దాలయ్య. దాలీ అనే మనిషి ఈ లోకంలో ఇంకా ఆవిడొక్కతే ఉంది. ఎనభై దాటాయి. పెంకుటిల్లు విప్పినప్పుడు వెనక గదిలో మంచం పట్టుకుని కదలనంది. "నన్ను కూడా ఇప్పీండ్రా" అంది. ఆ ఒక్క గదినీ వదిలేసి ముందు భాగమే స్లాబు వేశాడు జగన్నాధం.

ఆ గదిలో గోడకి ఆనుకుని కూర్చున్నాను. అత్త ఏదో చెబుతోంది, మా నాన్న చిన్నప్పుడు చేసిన దొంగతనాల గురించి. చెమట కోసం ఎదురుచూస్తున్నాను.

కళ్లు తెరిచేసరికి ఎండ వాలిపోయింది. నేను చాప మీద ఉన్నాను. తల కింద దిండు ఉంది.

"నోరు తెరుసుకుని తొంగున్నావురా" అంది అత్త. "ఒక ఈగ లోపలికెల్లి, సుట్టూ సూసి, మళ్లీ బయటికొచ్చినాది."

బట్టతల ముట్టుకుని చూశాను. పొడిగా ఉంది. పైకి చూశాను. వాసాల మీద తాటి కమ్మలు దగ్గరగా పరిచి, ఆ పైన బెంగుళూరు పెంకు. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే పెంకు అది. కోతి గెంతినా కదలదు. కింద కమ్మ ఉంది కాబట్టి చప్పుడూ దిగదు, వేడీ దిగదు.

"ఇదే కావాలి అత్తా నాకు. ఇలాంటి పెంకు ఎక్కడ దొరుకుతాది?"

మా అత్త నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. అలాంటి చూపు నేను ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన రోజున మా మాస్టారి దగ్గర చూశాను.

"నీకు తెల్దేటి?" అంది.

*

తెలుసు. గోడకవతల నాలుగేళ్లుగా నేనే కాపలా కాస్తున్నాను.

కానీ వాటిని ముట్టుకోవాలంటే హద్దు తేలాలి. హద్దు తేలాలంటే ఇద్దరిలో ఒకడు తగ్గాలి. నేను తగ్గను. లోకంలో ఇంకెక్కడా పెంకే లేదా ఏమిటని మర్నాడే బస్సెక్కి విజయనగరం వెళ్లాను. ఒకప్పుడు పెంకు అమ్మే కొట్టు నాకు తెలుసు. వెళ్లి చూస్తే అక్కడ నీళ్ల ట్యాంకులు, ఎరుపువీ నలుపువీ, కొండలా ఉన్నాయి. ఇంకో కొట్టువాడు, ఆర్డరిస్తే నెల పడుతుందన్నాడు. "మీ ఊళ్లోనే ఎవరో ఒకరు ఇప్పీసి పడేసుంటారు, అడగండి" అని సలహా కూడా ఇచ్చాడు.

అక్కణ్నుంచి కుమారి దగ్గరికి వెళ్లాను. పిల్ల కుర్చీలో కూర్చుని, పొట్ట మీద పళ్లెం పెట్టుకుని చింతకాయ తొక్కు తింటోంది.

"నాన్నా, నువ్వందరిళ్లలోనూ మధ్యాన్నం కూకుంటన్నావంట! జగ్గమ్మొదిన ఫోను సేసి సెప్పింది. నవ్వలేక సచ్చిపోయాను."

"నవ్వు. నవ్వితే కడుపులో గుంట నల్లగా పుట్టదు."

"ఇంతకీ ఏ కప్పు?"

చెప్పాను. గున్నమ్మ గది, కమ్మలు, పెంకు, విజయనగరంలో ట్యాంకులు, అన్నీ. పిల్ల తొక్కు తినడం ఆపేసింది.

"మన సందులో ఉన్నాయి కదేటి?"

"ఉన్నాయి."

"మరి?"

"అవి తియ్యాలంటే ఆ రెండడుగులూ మీ మావకి ఒదిలీయాలి."

"ఒదిలీ."

"మా నాన్న వేలెట్టి సూపించిన నేల అది."

కుమారి వేళ్లు తుడుచుకుంది. పళ్లెం పక్కన పెట్టింది. "నాన్నా, నేను ఆ సందులో పడుకుంటానేటి? ఇంట్లో పడుకుంటాను. అమ్మ పక్కన పడుకోవాలనుంది నాకు. నువ్వా నేలే ఉంచుకుంటానంటే ఉంచుకో. ఇక్కడ మా అత్త బాగానే సూసుకుంటాది. నా మీద కోపమొద్దు, నీ మీద నాకూ ఒద్దు."

కోపంగా అని ఉంటే నేనూ అరిచేవాణ్ని. చాలా నెమ్మదిగా, పెద్దదానిలాగా అంది. వాళ్లత్తగారు ఫలహారం పెట్టారు, బాగుంది. ఆ బాగుండడమే నాకు నచ్చలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా ఊళ్లేవీ చూడలేదు.

దిగి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా జగన్నాధం గుమ్మంలోకి వెళ్లాను. ఆటో తుడుస్తున్నాడు.

"బావా, నీ పెంకులు కావాలి."

గుడ్డ కింద పడేశాడు. ఇరవై రెండేళ్లలో నేనతన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"మన గుంట పురిటికేనా?" అన్నాడు.

"గుంటకే."

"ఎన్ని?"

"అన్నీ."

"మరి సందో?"

అనకుండా ఉంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. నా బావ గురించి నేనెప్పుడూ అంత గొప్పగా అనుకోకూడదు.

"నీదే. కొలతా కాగితమూ పిల్ల వచ్చినాక" అన్నాను.

లోపల్నుంచి మా అత్త కర్ర పట్టుకుని వచ్చేసింది. ఆవిడ గోడల అవతలి మాటలు కూడా వింటుంది. మెట్టు మీద కూర్చుని పంచాయితీ తనే చేసింది.

"నేల జగ్గడిది. మరి ఆడు చూరు కోసీమంటే మట్టిగోడ తడిసి పడిపోతాది. చూరు ఎలాగున్నాదో అలాగే ఉండాలి. దాని నీళ్లు నీ నేల మీదే పడతాయి. సమ్మతమేనేటిరా జగ్గా?"

"పడనీ. ఆటో కడుక్కోడానికి పనికొస్తాది" అన్నాడు జగన్నాధం.

"పెంకులకి ఎంతివ్వాలి?" అన్నాను నేను, మెడ నిక్కించి.

"పిల్ల పురిటికి మేనమామ వరసోణ్ని, నా దగ్గర పెంకులు కొంటావా? మొహం సూడు!" అని నా మీద అరిచాడు. నిజంగానే కోపం వచ్చింది అతనికి.

అంటే సంగతేమిటంటే, నేల అతను తీసుకున్నాడు, నాకు గాలి మిగిల్చాడు, పైగా నాకు మేలు చేసిన మనిషి కూడా తనే అయ్యాడు. ఇలాంటివాణ్ని ఎక్కడైనా చూశారా?

*

వడ్రంగి పాత వాసాలు విప్పి, తాటి వాసాలు వేసి, వాటి మీద అడ్డంగా రీపరు చెక్కలు కొట్టేసరికి ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు కమ్మలు, పెంకులు. ఆ రోజు ఆటో వీధిలో ఆపేసి, జగన్నాధం లుంగీ పైకి కట్టి నా ఇంటి కొప్పు మీదికి ఎక్కి కూర్చున్నాడు. పెంకు పరచడం అతనికి వాళ్ల నాన్న నేర్పిన పని.

నేను పిలవకుండానే జనం వచ్చారు. మా ఊళ్లో ఇల్లు కప్పుతున్నారంటే పిలవక్కర్లేదు. సందులోంచి నిచ్చెన దాకా, నిచ్చెన మీంచి కొప్పు దాకా వరస కట్టారు. నాచు గీకి, తుడిచి, చేతిలోంచి చేతిలోకి పెంకు ఎక్కుతోంది. ఒక్కో పెంకు పైకి వచ్చినప్పుడల్లా జగన్నాధం స్టాండులో ప్రయాణికుల్ని పిలిచినట్టు కేకలు పెడుతున్నాడు.

"అరసవల్లి అరసవల్లి అరసవల్లీ! రా తల్లీ, ఖాళీ ఉన్నాది, జరుగు, జరుగు! ఇంకొక్కలే, ఇంకొక్కలే! శ్రీకూర్మం ఎవురు? ఆ మూల కూకో!"

వరసంతా నవ్వులు. నవ్వు ఎక్కువై గణపతిరావు చేతిలో పెంకు జారి రెండు ముక్కలైంది.

"టిక్కెట్టు సింపీసినాడు పెద్దాయన!" అని పైనుంచి జగన్నాధం.

"నోర్మూసుకుని తోలరా!" అని కింద నుంచి ఊరి పెద్ద.

జగ్గమ్మ ఆరోజు కొట్టు మూసేసి పునుగుల పిండి మా పొయ్యి దగ్గరికే తెచ్చేసింది. మరిడమ్మ పనసపొట్టు కూర, కోడికూర చేసింది. కుండ నిండా పులిసిన గంజినీళ్ల తరవాణి కలిపి అరుగు మీద పెట్టింది. మా అత్త వీధిలో గొడుగు కింద కూర్చుని, ఎవరి చేయి ఆగితే వాళ్లని తిట్టింది. నేను నాలుగేళ్లు కాపలా కాసిన గుట్ట మధ్యాహ్నానికి సగమైంది. సాయంత్రానికి నేల కనిపించింది. నాలుగేళ్లు ఎండ తగలని మట్టి, నల్లగా, తడిగా ఉంది. చుక్కల గుంటలు ఒక్కటి కూడా మిగల్లేదు. పెంకుల బరువుకి అన్నీ పూడిపోయాయి.

ఆఖరికి మిగిలిన వాలు చూరు నుంచి మొదలెట్టాడు. సందు వైపు. నేను నిచ్చెన మీద ఉండి చూస్తున్నాను. వాసాలు రెండడుగులు బయటికి ఉన్నాయి, మాట ప్రకారం. జగన్నాధం ఆ చివర్లకి జేబులోంచి మేకులు తీసి ఇంకో రీపరు ముక్క కలిపి కొడుతున్నాడు. పెంకు ఇంకా ముందుకి వచ్చింది.

"బావా, ఎక్కువైపోతన్నాది. మాట రెండడుగులే కదా" అన్నాను.

"తెలుసు."

"అరడుగు నీ అసలు జాగా మీదికొచ్చినాది."

"ఈదురుగాలికి జల్లు లోపలికి కొడతాదిరా. గోడ తడిస్తే గుంటకి జలుబు సేస్తాది. నువ్వు నోరుముయ్యి, పెంకు అందీ."

అందించాను. నోరు కూడా మూశాను. కొప్పు మీద ఆఖరి పెంకు కూర్చున్నాక ఊరంతా ఒకటే ఈలలు. మరిడమ్మ లోపలికెళ్లి నడిమింట్లో నిలబడింది. పైకి చూసింది. "పప్పు పచ్చగా కనిపిస్తాదింక" అని కళ్లు తుడుచుకుంది.

*

ఏడో నెలలో ఇంకా నాలుగు రోజులు మిగిలుండగా కుమారి వచ్చింది. గోపి శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు దాకా బస్సులో తెచ్చాడు, అక్కణ్నుంచి జగన్నాధం ఆటో. గతుకు వచ్చినచోటల్లా దిగి ముందు చూసి మళ్లీ ఎక్కి తోలాడట. అరగంట దారికి గంటన్నర పట్టిందని గోపి విసుక్కున్నాడు. మరిడమ్మ గుమ్మంలో దిష్టి తీసింది. మా అత్త అప్పటికే నడిమింట్లో మంచమెక్కి కూర్చుని ఉంది, తన గది వదిలి.

"కూకో గుంటా. సూడు, నీ బాబు నెత్తి ఎలాగున్నాదో. పొడిగా!"

కుమారి నా నెత్తి నిమిరి చూసి పకపకా నవ్వింది. అన్నం తిని, మంచం మీద పక్కకి ఒరిగి, "సల్లగా ఉన్నాది నాన్నా" అంది. ఆ తర్వాత ఏదో అనబోయింది గానీ పూర్తి కాలేదు. నిద్రపోయింది. పైన కోతులు రెండుసార్లు గెంతాయి. పిల్ల కదల్లేదు.

నేను గోడకి ఆనుకుని అలా చూస్తూ కూర్చున్నాను. అంతలోనే సందులోంచి గుసగుసలు. జగన్నాధం, గణపతిరావు టేపు పట్టుకుని వచ్చారు. కాగితం కూడా రాసి తెచ్చారు.

"ఇప్పుడేనా?" అన్నాను గొంతు తగ్గించి.

"పిల్ల వచ్చినాక అన్నావు కదా. వచ్చినాది" అన్నాడు జగన్నాధం, అతనూ గొంతు తగ్గించే.

గణపతిరావు టేపు ఒక చివర, జగన్నాధం ఇంకో చివర. కొత్త చూరు నీడలో, పిల్ల లేస్తుందని చెప్పులు విప్పి, మునివేళ్ల మీద నడుస్తూ కొలిచారు. కాగితం నా మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాను. వీధి గోడ నుంచి పెరటి గోడ దాకా పొడవు ఇరవై ఏడు అడుగులు. వెడల్పు రెండడుగులు. మొత్తం ఆరు గజాలు.